మీటరుకొక చెట్టు పెడితే నేలకేమవుతుంది?

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్ ప్రహరీ పొడుగునా క్రిస్మస్ చెట్లు పెట్టారు, అరకేరియా అంటారు వాటిని, మీటరుకొకటి చొప్పున. ఒంగోలు నుంచి వచ్చిన నాన్న పొద్దున్నే వాకింగ్‌లో వాటిని చూసి, "ఏరా, సరుగుడు తోటలా వేశారే, కొట్టేదెప్పుడు?" అన్నాడు. నవ్వేశాను గానీ అడగాల్సిన ప్రశ్నే అది.

సరుగుడు మీటరు ఎడంలో వేస్తే ఎకరానికి నాలుగు వేల మొక్కలు పడతాయి. నాలుగైదేళ్లలో కొట్టి పేపర్ మిల్లుకు తోలేస్తారు కాబట్టి ఒత్తుగా ఉన్నా చెల్లుతుంది. పైగా దాని వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చూడ్డానికి పైన్‌కి చుట్టంలా ఉంటుంది గానీ కాదు. దాని సూదిని కణుపు దగ్గర లాగితే ఊడి వస్తుంది, అది ఆకు కాదు, సన్నటి రెమ్మ. అసలు ఆకులు కణుపు చుట్టూ పళ్లలా కనపడీ కనపడకుండా ఉంటాయి. పైన్, ఫర్, స్ప్రూస్, మా అరకేరియా లాంటి అసలైన కోనిఫర్లకు (శంకువులు కాసే చెట్లకు) ఆ నత్రజని వసతి లేదు, అవి నేలమీద ఉండేది కూడా దశాబ్దాల తరబడి.

చెట్లు ఎక్కువైతే నేల సారం అంతా లాగేస్తాయి అనుకుంటాం. అది సగమే నిజం. రెండు మీటర్ల ఎడంలో హెక్టారుకు 2500 చెట్లు, మూడు మీటర్లయితే 1100 పైచిలుకు. అయితే కొమ్మలు కలిసిపోయి పైన గొడుగు కమ్మాక, హెక్టారుకు ఎంత ఆకు ఉండాలో తేల్చేది చెట్ల సంఖ్య కాదు, అందే వెలుతురు, నీళ్లు. చెట్లు రెట్టింపైనంత మాత్రాన ఆకు రెట్టింపవదు. నేలమీద అసలు ఒత్తిడి గొడుగు కమ్మేలోపే, అంటే కొత్త ఆకు కట్టుకునే ఆ కొన్నేళ్లలోనే. ఒత్తు తోటలో ఆ ఆకలి తొందరగా, ఒక్కసారిగా మీద పడుతుంది.

తర్వాతి కథ చూడాలంటే కొడైకెనాల్ పైన్ చెట్ల కిందకి వెళ్లాలి. అందరూ ఫొటోలు దిగుతుంటే నేను కూర్చుని రాలిన సూదుల్ని చేత్తో పక్కకు తోశాను (మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది). పైన గోధుమరంగు సూదులు, చెక్కుచెదరకుండా. కింద విరిగిన ముక్కలు, వాటిని అల్లుకున్న తెల్లటి శిలీంధ్రపు దారాలు. ఇంకా కింద నల్లటి పొడి, ఆ తర్వాతే మట్టి. నాలుగేళ్లుగా రాలిందంతా అక్కడే ఉన్నట్టుంది. చెట్టు కూడా తక్కువది కాదు, సూది రాల్చేముందు అందులోని నత్రజనిలో సుమారు సగం వెనక్కి లాక్కుంటుంది. రాలిన సూదిలో కర్బనం దాదాపు సగం, నత్రజని ఒక శాతం లోపే. సూక్ష్మజీవులకేమో పాతిక ముప్ఫై పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి, అందుకని లోటు పూడ్చుకోవడానికి అవే చుట్టుపక్కల మట్టిలోంచి లాగి దాచుకుంటాయి. పోషకం ఎక్కడికీ పోలేదు, తాళం పడింది అంతే.

ఒత్తుగా ఉన్నచోట ఆ తాళం మరీ గట్టిగా పడుతుంది. కింద చీకటి, చల్లదనం, గడ్డీగాదం ఉండదు. త్వరగా కుళ్లి సూదుల్ని కూడా కుళ్లబెట్టే మెత్తటి ఆకు కలవదు. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వేళ్లు తీసుకున్నప్పుడల్లా బదులుగా హైడ్రోజన్ అయాన్లు వదలుతాయి, మట్టి పులుస్తుంది, పులిసిన మట్టిలో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేసుకుంటాయి. చైనాలో చైనీస్ ఫర్ తోటల్ని కొట్టి అదే నేలలో మళ్లీ వేస్తే రెండో విడత ఎదుగుదల తగ్గడం బాగా తెలిసిన సమస్యే, దానికి ఎడం ఒక్కటే కారణం కాదు గానీ.

అలాగని మరీ ఎడంగా వేసినా లాభం లేదు. గొడుగు కమ్మేదాకా నేల వానకు ఆరుబయటే, పోషకాలు నీళ్లతో జారిపోతాయి. సరైన ఎడం ఎంతో ఒకే నేల చెక్కలో చూడ్డానికి 1962లో జాన్ నెల్డర్ అనే బ్రిటిష్ గణాంకవేత్త ఓ చక్కటి పద్ధతి చెప్పాడు. బండిచక్రం ఆకుల్లా సాళ్లు గీసి చెట్లు నాటితే, ఇరుసు దగ్గర కిక్కిరిసి, అంచుకు పోయేకొద్దీ పలచనవుతాయి. నాకు భలే నచ్చింది, కాకపోతే మధ్యలో నాలుగు చెట్లు చస్తే చుట్టుపక్కల లెక్కంతా గోవిందా.

ఎక్కువమంది చేసేది మాత్రం మన జొన్నచేలో చేసేదే, ముందు ఒత్తుగా వేసి, తర్వాత ఒత్తు తీసెయ్యడం. వెలుతురు దిగుతుంది, నేల కాస్త వెచ్చబడుతుంది, గడ్డి మొలుస్తుంది, సూదులు చివకడం మొదలవుతుంది. తీసిన చెట్ల కొమ్మా రెమ్మా అక్కడే వదలాలి, ఎందుకంటే కిలోకు చూస్తే మానులో కంటే పచ్చి సూదుల్లో నత్రజని పదింతల పైనే ఉంటుంది. మాను మాత్రమే తీసుకెళితే నేలకు పెద్ద నష్టం లేదు, చెట్టునంతా లారీకెత్తితేనే ఎరువు కూడా ఎత్తినట్టు.

మా ప్రహరీ దగ్గర రాలింది పేరుకుపోయే బెడదే లేదు, రాలిన ప్రతి రెమ్మా పొద్దున ఏడింటికల్లా ఊడ్చి సంచుల్లో కట్టి చెత్తబండి ఎక్కించేస్తారు. పోయిన నెల మెయింటెనెన్స్ బిల్లులో వర్మికంపోస్టు పన్నెండు బస్తాలని ఉంది. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.