తాడు రెండో కొస ఎవరి చేతిలో?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు దేశమంతా అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత కోడ్ ఒకటి. మహిళలు తమకు ఇష్టమైతే రాత్రి ఏడు తర్వాతా, పొద్దున ఆరుకు ముందూ పనిచేయవచ్చని, వాళ్ల భద్రతకు యజమాని ఏర్పాట్లు చేయాలని దాని 43వ సెక్షన్ చెబుతుంది. గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసేవాళ్లు ఇది చదివి నవ్వుకుని ఉంటారు. పాతికేళ్లుగా జరుగుతున్న సంగతిని చట్టం ఇప్పుడు కనిపెట్టిందా అని.

ఇక్కడిదాకా రావడానికి చట్టానికి వందేళ్లు పట్టింది. ఈ వందేళ్లలో రాత్రి గురించి మాట్లాడాం, ఆడవాళ్ల గురించి మాట్లాడాం. ఒంటరిగా పనిచేసే మనిషి గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు. మన కార్మిక చట్టాల్లో ‘ఒంటరి ఉద్యోగి’కి విడిగా ఒక నిర్వచనమంటూ లేదు. హైదరాబాద్‌లో ఈ మాట ఎప్పుడు పైకి వచ్చినా, ఎవరో ఒకరి ప్రాణం పోయాకే వచ్చింది.

మొదలు చూస్తే 1919 దగ్గర తేలతాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన ఏడాదే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల రాత్రి పనిని నిషేధిస్తూ ఒక ఒప్పందం చేసింది. మన దేశం 1921లో దానికి ఒప్పుకుంది. ఆ ఆలోచనే 1948 ఫ్యాక్టరీల చట్టంలో 66వ సెక్షన్‌గా వచ్చి కూర్చుంది. రాత్రి ప్రమాదకరం కాబట్టి ఆడవాళ్లు పనికి రాకూడదు, అంతే. ప్రమాదాన్ని అలాగే ఉంచి మనిషిని పక్కకు జరపడమన్నమాట.

అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉండేది, 36వది. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నాకు మొత్తం చట్టంలో బాగా నచ్చేది ఇదే. విషవాయువులు ఉండే అవకాశమున్న ట్యాంకులోకో గోతిలోకో మనిషిని దించాలంటే ముందు ఆ వాయువులను తొలగించాలి. ఆ పైన, లోపల ప్రమాదం లేదని అర్హత ఉన్నవాడు పరీక్షించి రాసివ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, ఆ బెల్టుకు తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొసను బయట నిలబడ్డ ఒక మనిషి పట్టుకుని ఉండాలి.

ఇంత సూటిగా రాసిన చట్టం అరుదు. లోపలికి వెళ్లేవాడు ఎటూ ఒక్కడే వెళ్తాడు, దాన్ని తప్పించలేం. అతను ఉన్నాడా పోయాడా అని చూసే మనిషి, లాగగలిగే మనిషి బయట ఉండాలి. జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల్లో రియాక్టర్ (మందుల రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) కడగడానికి దిగేటప్పుడు ‘వెసెల్ ఎంట్రీ పర్మిట్’ అని కాగితం రాస్తారు, బయట ఒకడిని ‘స్టాండ్‌బై’గా పెడతారు. దాని మూలం ఈ తాడే. రియాక్టర్లలోకి వదిలే నైట్రోజన్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి కూలబడతాడు. కేక వేసే టైము కూడా దొరకదు. అందుకే పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే సరిపోదు. అతని మీదే కళ్లు పెట్టుకుని ఒకడు నిలబడాలి.

చిక్కేమిటంటే ఇది ఫ్యాక్టరీల చట్టం. రోడ్డు మీది మ్యాన్‌హోల్ ఫ్యాక్టరీ కిందికి రాదు. అక్కడ దిగినవాడి నడుముకు తాడు ఉందో లేదో చూసే చట్టం చాలాకాలం గట్టిగా లేదు. 1993లో చేసిన చట్టం పాకీ పనిని నిషేధించింది. 2013లో వచ్చిన కొత్త చట్టం సరైన రక్షణ పరికరాలు ఇవ్వకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని నేరం చేసింది. రామన్ మెగసెసే అవార్డు పొందిన బెజవాడ విల్సన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన ఫలితమిది. 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఆ మొత్తాన్ని 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది.

ఈ రెండు తీర్పుల మధ్యలోనే, 2016 ఆగస్టులో, మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ దగ్గర నలుగురు చనిపోయారు. మ్యాన్‌హోల్ మరణాల వార్తలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకడు దిగుతాడు, పలకడు. వాణ్ని తీయడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పలకడు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు చిక్కుకుంటాడు. పక్కన మనిషి ఉన్నా తాడు, మాస్కు లేకపోతే ఆ మనిషే రెండో శవమవుతున్నాడు. ‘ఇద్దరిద్దరుగా పంపుతున్నాం’ అని చెప్పే సూపర్‌వైజర్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు. మాదాపూర్ ఘటన జరిగిన మరుసటి ఏడాది జలమండలి సన్న గల్లీల్లోకి కూడా దూరగల, నీటి ధారతో మురుగు తొలగించే చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. మనిషిని ఆ గోతిలోకి దించకుండా చూడటమే అన్నిటికంటే మంచి ఏర్పాటు. అలాగని దించడం పూర్తిగా ఆగిపోలేదు.

ఇక 66వ సెక్షన్ సంగతి. 2000లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2002లో మన ఊళ్లోనే, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా త్రివేణి కేసులో అదే పని చేసింది. రాత్రి పని ప్రమాదమైతే రక్షణ పెట్టాలి గానీ ఆడవాళ్ల ఉపాధి తీసేయడం సమానత్వం ఎలా అవుతుందన్నది అక్కడ ప్రశ్న. తలుపులైతే తెరుచుకున్నాయి. సరిగ్గా అదే కాలంలో సైబర్ టవర్స్ చుట్టూ కాల్‌సెంటర్లు వెలిశాయి. అమెరికా పగలు మన రాత్రి అయింది. నిషేధం పోయింది, దాని స్థానంలో ఏం పెట్టాలో మాత్రం ఎవరికీ స్పష్టంగా తెలియదు.

నేనూ ఆ రోజుల్లో ఒక బీపీవోలో రాత్రి షిఫ్టు చేశాను. క్యాబ్ బయల్దేరిన టైము గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు రిజిస్టర్‌లో రాసేవాళ్లు. ఇల్లు చేరిన టైము రాయడానికి అందులో గడే లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మ తెల్లవారుజామున బాల్కనీలో నిలబడి ఉండేది. కంపెనీ చేయాల్సిన పని జీతం లేకుండా ఆవిడ చేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

2005 డిసెంబరులో బెంగళూరులో, రోజూ వచ్చే డ్రైవర్ బదులు వచ్చానని చెప్పి ఒకడు కాల్‌సెంటర్ ఉద్యోగినిని ఎక్కించుకుని చంపేశాడు. 2007లో పుణెలో కంపెనీ పెట్టిన క్యాబ్ డ్రైవరే స్నేహితుడితో కలిసి అదే పని చేశాడు. ‘మొదట ఎక్కేది, చివర దిగేది అమ్మాయి కాకూడదు, తప్పకపోతే గార్డును పంపాలి’ అనే నియమం దేశమంతా ఐటీ కంపెనీల్లో పాతుకుపోయింది వీటి తర్వాతే. 2006లో పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టుకున్నాయి.

అయినా 2013 అక్టోబరు వచ్చింది. మాదాపూర్‌లో బండి కోసం ఎదురుచూస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబ్ అనుకుని ఒక కారు ఎక్కి అత్యాచారానికి గురైంది. పోలీసులు ఆమెకు ‘అభయ’ అని పేరు పెట్టారు. నిందితులిద్దరికీ మరుసటి ఏడాది ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. గమనించాల్సింది ఏమిటంటే ఆమె ఉన్నది కంపెనీ క్యాబ్‌లో కాదు. గార్డు నియమం, రోస్టర్, రిజిస్టర్ అన్నీ ఆఫీసు వాహనం ఎక్కినవాళ్లకే. అదే ఏడాది వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం కూడా యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్ని పనిస్థలంగానే లెక్కించింది గానీ, సొంతంగా బండి మాట్లాడుకుని వెళ్లేవాళ్ల దారి ఆ లెక్కలోకి రాదు. 2014లో మహిళల భద్రతపై పూనం మాలకొండయ్య కమిటీ, అదే ఏడాది అక్టోబరులో పోలీసుల షీ టీమ్స్, ఆ పైన ఐటీ కారిడార్‌లో షీ షటిల్ బస్సులు, పోలీసుల హాక్ ఐ యాప్ వరసగా వచ్చాయి. ఆ హాక్ ఐ యాప్ సమాచారమే 2024లో దొంగల చేతికి చిక్కింది. మన వివరాలను నమ్మి అప్పజెప్పిన చోటే కన్నం పడితే ఇంకెవరికి చెప్పుకోవాలి?

2019 నవంబరు ఈ ఊరిని రెండుసార్లు కుదిపింది. 4వ తేదీన అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డిని పట్టపగలు ఆమె గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవర్ కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. అక్కడ రాత్రి లేదు, నిర్జన ప్రదేశమూ లేదు. జనం తిరిగే సర్కారీ ఆఫీసు. గది తలుపు అవతల మనుషులున్నా, లోపల మాత్రం ఆవిడ ఒంటరి ఉద్యోగే. ఆ తర్వాత కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దార్ తన బల్లకూ అర్జీదారులకూ మధ్య అడ్డంగా తాడు కట్టించారు. అందరూ ఎగతాళి చేశారు గానీ, ఆమె భయం ఎగతాళి చేయదగ్గది కాదు. మనిషిని కాపాడాల్సిన తాడు మనుషులను ఆపే తాడు కావడం మాత్రం బాధగా అనిపించింది.

అదే నెల 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద దారుణం జరిగింది. ఏ స్టేషన్ పరిధి అన్న వాదులాటలో ఆమె కుటుంబం ఆ రాత్రి అటూ ఇటూ తిరగాల్సి వచ్చింది. ఆ వారంలోనే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వేయొద్దన్నారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ కోర్టు పదిహేడేళ్ల కిందట కొట్టేసిన 66వ సెక్షన్ ఇంకో దారిలో వెనక్కి వచ్చినట్టే కదా. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీకర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలి హత్య తర్వాత బెంగాల్ ప్రభుత్వం కూడా, వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీ తప్పించాలంది. భద్రత ఇవ్వడం మీ పని, ఆడవాళ్లను ఆపడం కాదని సుప్రీంకోర్టు మందలించింది. ఇక్కడ గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కి అడిగిందీ భద్రతనే, సెలవును కాదు.

బ్రిటన్‌లో ఈ చర్చ వేరే దారిలో సాగింది. 1986 జులైలో లండన్‌లో సూజీ లాంప్లగ్ అనే ఇళ్ల ఏజెంట్ ఒక కస్టమర్‌కు ఇల్లు చూపించడానికని వెళ్లి తిరిగి రాలేదు. ఆఫీసు డైరీలో రాసి వెళ్లిన కస్టమర్ పేరు, టైము, ఇంటి చిరునామా పోలీసులకు దొరికాయి. ఆమె తల్లి పెట్టిన ట్రస్టు అప్పటినుంచి ఇదే విషయం మీద పనిచేస్తోంది. ఒంటరి ఉద్యోగి అంటే ఎవరో అక్కడి భద్రతా సంస్థ తేలిగ్గా చెప్పేసింది. దగ్గర్లో పర్యవేక్షణ లేకుండా తనంతట తాను పనిచేసే ఎవరైనా సరే. ఆడా మగా తేడా లేదు, రాత్రీ పగలూ లెక్క లేదు.

మన దగ్గర ఈ తెలివి రైల్వేకు ముందే ఉంది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడిపే మోటర్‌మన్ హ్యాండిల్ మీద చెయ్యి తీస్తే బ్రేకు పడుతుంది. రైలింజన్లలో పెట్టిన పరికరం, డ్రైవర్ ఒక నిమిషం పాటు ఏ మీటా నొక్కకపోతే లైటు వెలిగించి, ఆపైన బజర్ మోగించి, అప్పటికీ స్పందన లేకపోతే బండి ఆపేస్తుంది. మనిషి సాయం అడిగే స్థితిలో లేనప్పుడు అడగకుండానే కదిలే ఏర్పాటు అది. ఫోన్లో ఎస్‌ఓఎస్ బటన్‌కు ఆ గుణం లేదు, దాన్ని నొక్కడానికి చెయ్యి ఆడాలి. 2024 మార్చిలో తెలంగాణ పోలీసులు తెచ్చిన టీ-సేఫ్ అనే ప్రయాణ భద్రత సేవ ఈ విషయంలో ఒక అడుగు ముందుకేసింది. ప్రయాణం మొదలయ్యాక అదే మధ్యమధ్యలో క్షేమమేనా అని అడుగుతుంది, జవాబు రాకపోతే పోలీసులు కదులుతారు. మామూలు ఫోన్ ఉన్నా వాడుకోవచ్చు.

ఇదంతా ఎక్కువగా ప్రయాణం కథ, ఆడవాళ్ల కథ. మగవాళ్లు ఒంటరిగా చేసే పనులు వార్తల్లోకి వచ్చేది ఇంకా తక్కువ. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన డెలివరీ కుర్రాడు, కుక్క మీదికొస్తే మూడో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. ఆ ఏడాది చివర కొత్త ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. బీమా ఇంటివాళ్లకు సాయం. ఆర్డర్ ఇచ్చి ఎంతసేపటికీ కిందికి రాని కుర్రాడిని ఎవరు వెతకాలన్నది వేరే ప్రశ్న.

కరెంటోళ్ల దగ్గర మాత్రం పాత పద్ధతి ఒకటి ఇంకా బతికే ఉంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు చెప్పి ‘ఎల్‌సీ’ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియర్. ఆపరేటర్ ఫీడర్‌ను, అంటే ఆ లైనుకు వెళ్లే కరెంటును ఆపి రిజిస్టర్‌లో రాసుకుంటాడు. ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. ఇంకెవరో ఫోన్ చేసి ‘పనైపోయింది, వేసేయ్’ అంటే వేయకూడదు. కాలనీవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి తిట్టినా సరే, స్తంభం మీదున్నవాడి గొంతు వినేదాకా ఆగాలి. తాడు కనపడదు గానీ, ఉంది.

ఆ ఆపరేటర్ మటుకు చాలా సబ్‌స్టేషన్లలో రాత్రంతా ఒక్కడే. చుట్టూ 33 కేవీ పరికరాలు. గంట గంటకూ లేచి ప్యానెల్ మీద ఓల్టేజీ, ఆంపియర్లు చూసి లాగ్‌షీట్‌లో రాస్తాడు, పొద్దున రిలీవర్ వచ్చేదాకా.