గురక మిషన్లు అన్నీ ఒకటి కావు

నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే స్లీప్ ఆప్నియాకు మిషన్ వాడమని డాక్టరు చెప్పాక కొనడానికి వెళ్తే సీప్యాప్, ఆటో సీప్యాప్, బైప్యాప్, ఏఎస్‌వీ అంటూ పేర్లు వరస కడతాయి. బడ్జెట్ ఫోన్, ఖరీదైన ఫోన్ లాంటి తేడానే అనుకుంటాం. కానీ ఇక్కడ తేడా ఊపిరి ఎందుకు ఆగుతోందన్న దాంట్లో ఉంది.

ఎక్కువమందికి చిక్కు గొంతు దగ్గరే. నిద్రలో నాలుక, అంగిలి చుట్టూ ఉన్న కండరాలు సడలి దారి మూసుకుపోతుంది. ఛాతీ గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఊపిరి పూర్తిగా ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 30 సార్లు, ఆపైన జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు.

1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు దీనికి ఉపాయం కనిపెట్టారు. ముక్కులోంచి గాలిని కాస్త ఒత్తిడితో పంపితే గొంతు మూసుకోదు. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. అదే సీప్యాప్. అది ఇచ్చేది ఆక్సిజన్ అని చాలామంది పొరబడతారు గానీ, గదిలోని గాలే.

సీప్యాప్‌లో ఒకసారి పెట్టిన ఒత్తిడి తెల్లవార్లూ మారదు. గొంతు అవసరం మాత్రం మారుతుంటుంది: వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, పక్కకు తిరిగితే తక్కువ, కలలొచ్చే నిద్రలో మళ్లీ ఎక్కువ. అందుకే ఆటో సీప్యాప్ ప్రతి ఊపిరినీ కనిపెడుతూ ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది.

ఊపిరి పూర్తిగా ఆగినప్పుడు కొన్ని మిషన్లు చేసే పని నాకు భలే నచ్చుతుంది. గాలిని సన్నగా, వెంటవెంటనే అదిలించి చూస్తాయి. ఆ కదలిక లోపలిదాకా సాగితే గొంతు తెరిచే ఉన్నట్టు, అడ్డం తగిలితే మూసుకున్నట్టు. తెరిచి ఉండి కూడా ఊపిరి రావడం లేదంటే, తీసుకోమని మెదడే చెప్పడం లేదన్నమాట. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. అప్పుడు ఒత్తిడి పెంచి లాభం లేదు. ఒక్కోసారి ఇంకా చెడుతుంది.

బైప్యాప్ ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. ఎదురుగాలిలో ఊపిరి వదల్లేక అవస్థ పడేవారికి అది హాయి. స్థూలకాయం వల్లో, కండరాల బలహీనత వల్లో ఊపిరి చాలక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవారికైతే ఈ తేడా అవసరమే. ప్రతి ఊపిరికీ ఆసరాగా అదనపు గాలిని లోపలికి నెట్టేది అదే.

ఏఎస్‌వీ ఇంకా తెలివైనది. ఊపిరి తగ్గితే తోడిస్తుంది, పెరిగితే తగ్గుతుంది. గుండె బలహీనపడ్డవారిలో ఊపిరి పెరుగుతూ, తగ్గుతూ, ఆగుతూ సాగే తీరుకు ఇదే మందని ఆశపడ్డారు. 2015లో సెర్వ్-హెచ్ఎఫ్ అధ్యయనం ఆ ఆశ మీద నీళ్లు పోసింది. గుండె పంపింగ్ (ఒక్కో దెబ్బకు గుండె గదిలోని రక్తంలో బయటికి నెట్టే వంతు) 45 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న, ప్రధానంగా సెంట్రల్ ఆప్నియా రోగుల్లో ఊపిరి ఆగడం తగ్గింది. గుండె జబ్బు మరణాలు మాత్రం, ఇది లేనివారిలో 24 శాతం ఉంటే, వాడినవారిలో 29.9 శాతానికి పెరిగాయి. ఇప్పుడు సెంట్రల్ ఆప్నియా ఉన్నవారికి ఏఎస్‌వీ పెట్టేముందు గుండె స్కాన్‌లో ఆ పంపింగ్ ఎంతుందో చూస్తారు.

మన ఇళ్లలో, బాబాయి వాడకుండా పక్కన పెట్టిన మిషన్ ఉందిగా, అది తెచ్చుకుందాం అనడం మామూలే. అందులో ఉన్న సెట్టింగులు ఆయన గొంతుకు సరిపడా పెట్టినవి. మాస్క్ కూడా ఆయన ముఖానికి కుదిరినదే, వదులైతే గాలి లీకై మిషన్ లెక్కలే తప్పుతాయి. మీ స్లీప్ స్టడీ (నిద్ర పరీక్ష) రిపోర్టులో అబ్‌స్ట్రక్టివ్ (గొంతు మూసుకుని ఆగినవి) ఎన్ని, సెంట్రల్ ఎన్ని అని విడివిడిగా రాసిన వరస ఒకటి ఉంటుంది, తెచ్చుకునేముందు దాన్ని డాక్టరుకు చూపించి అడగాలి.