కుక్కకాటు చీటీ మీద ఆ తేదీలు ఎక్కడివి?

కుక్క కరిచిందని గుంటూరు జీజీహెచ్‌కు, అంటే ప్రభుత్వాసుపత్రికి వెళ్తే రెండు చేతులకూ చర్మంలోకి రేబిస్ టీకా చెరో చిన్న సూది వేసి, 0, 3, 7, 28 అని చీటీ రాసిస్తారు. అదే కుక్క కరిచిన పక్కింటాయన బ్రాడీపేటలో ఏదో క్లినిక్కుకు వెళ్తే ఒక్క జబ్బకే, కండలోకి, అయిదుసార్లు. ఆయన చీటీలో 14వ రోజు అదనం. రక్తం వచ్చేలా కరిస్తే ఇద్దరికీ గాయం చుట్టూ ఇంకో మందు ఎక్కించాలి, దాని పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ముందే తయారై ఉన్న యాంటీబాడీలు. ఇంట్లో పెద్దవాళ్లేమో 'మా రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు' అంటారు. ఈ లెక్కల్లో ఏదీ తప్పు కాదు. ఒంట్లో రోగాలతో పోరాడే బి కణాలు, టి కణాలు ఎలా పనిచేస్తాయో తెలిసేకొద్దీ చీటీ మారుతూ వచ్చింది.

1885లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన టీకా వేశాడు. పిల్లవాడు బతికాడు గానీ టీకా ఎందుకు పనిచేస్తుందో పాశ్చర్‌కే తెలియదు. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో ఒక జంతువులో పుట్టిన రక్షణను సీరం (రక్తంలోని తేట) రూపంలో ఇంకో జంతువుకు ఎక్కించవచ్చని ధనుర్వాతం, డిఫ్తీరియాల మీద చూపించారు. ఇవాళ గాయంలోకి ఎక్కించే గుర్రపు ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు మూలం ఆ ప్రయోగమే. అయితే సీరంలోని ఆ రక్షక ప్రొటీన్లను, అంటే యాంటీబాడీలను తయారు చేసే కణం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో డెబ్బై ఏళ్ల దాకా తేలలేదు.

తేలింది కోళ్ల వల్ల. కోడికి మలద్వారం పైన బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. అమెరికాలో బ్రూస్ గ్లిక్ పిల్లకోళ్లలో దాన్ని తీసేసి ఏమవుతుందో చూస్తుండగా, ఆయన సహచరుడు ఆ కోళ్లనే తరగతిలో యాంటీబాడీలు చూపించడానికి వాడుకున్నాడు. అవి పుట్టనే లేదు. 1956లో ఆ ఫలితం అచ్చయింది, అదీ కోళ్ల పెంపకం పత్రికలో. పెద్ద పత్రిక వద్దంది. హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపు కోళ్లఫారాల వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. గంబోరో అనే వైరస్ జబ్బు తగిలిన పిల్లను కోస్తే బర్సా ఉబ్బి, ఒక్కోసారి నెత్తురు చిమ్మి కనిపిస్తుంది. ఆ వైరస్ బర్సాలో తయారయ్యే బి కణాలనే చంపుతుంది కాబట్టి, బతికి బయటపడ్డ కోడికి తర్వాత వేసే వేరే టీకాలు కూడా సరిగా పట్టవు. మనకు బర్సా లేదు, ఆ పని ఎముక మజ్జ చేస్తుంది.

1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిని తీసేస్తే అవి తమకు అతికించిన ఇతర ఎలుకల చర్మాన్ని కూడా తిప్పికొట్టలేకపోయాయి. టి కణాలు అక్కడ తయారవుతాయి. 1968లో మిల్లర్, మిచెల్ కలిసి అసలు ముడి విప్పారు: యాంటీబాడీ తయారు చేసేది మజ్జ నుంచి వచ్చిన కణమే, కానీ థైమస్ కణం తోడు లేకపోతే ఆ పని సరిగా సాగదు.

చీటీ మీది తేదీలకు ఆధారం ఈ తోడే. చర్మంలోకి 0.1 మిల్లీలీటరు వేయగానే చిన్న బుడిపె లేస్తుంది. లేవకపోతే సూది లోతుకు దిగినట్టు, ఇంకోచోట మళ్లీ వేయాలి. చర్మంలోని డెండ్రైటిక్ కణాలు టీకాలోని చచ్చిన వైరస్‌ను మింగి, చంకలోని లింఫు గ్రంథులకు మోసుకెళ్తాయి. అక్కడ ఆ వైరస్ ముక్కలను గుర్తుపట్టగల సహాయక టి కణాలు లక్షల్లో ఒకటో రెండో ఉంటాయి. వైరస్ పైపొర ప్రొటీన్‌ను పట్టగల బి కణాలూ అంతే అరుదు. ఇవి వైరస్‌ను చూసి తయారైనవి కావు, ముందునుంచే ఉన్నవి. తగినది ఎంపికై పెరుగుతుందని బర్నెట్ 1957లో చెప్పాడు. జన్యుముక్కలు అటూ ఇటూ అతుక్కోవడం వల్ల అన్ని రకాలు పుడతాయని 1976లో టొనెగావా చూపించాడు. ఆ అరుదైన కణాలు దొరకాలి, విభజన చెందాలి, బి కణం తాను మింగిన ముక్కను టి కణానికి చూపించి అనుమతి పొందాలి. అందుకే మొదటి యాంటీబాడీ రక్తంలో కనిపించడానికి వారం, పది రోజులు పడుతుంది. 3, 7 రోజుల సూదులు ఆ వేడి చల్లారకుండా చూస్తాయి. 28వ రోజుది దీర్ఘకాలపు జ్ఞాపకానికి. 0వ రోజంటే కరిచిన రోజు కాదు, మొదటి సూది పడిన రోజు.

ఈలోపు వైరస్ ఊరుకోదు. నరంలోకి దూరిందంటే యాంటీబాడీకి అందదు. మొదటి వారపు ఖాళీని పూడ్చడానికే ఇమ్యునోగ్లోబ్యులిన్. గుర్రానిదైతే కిలోకు 40 యూనిట్లు, మనిషిదైతే 20. అరవై కిలోల మనిషికి గుర్రానిది 2,400 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్లుండే సీసా అయితే 8 మిల్లీలీటర్లు. గాయాలు ఎక్కువుంటే సెలైన్ కలిపి పెంచాలి గానీ మోతాదు పెంచకూడదు. ఎక్కువైన యాంటీబాడీ టీకాలోని వైరస్‌ను కప్పేసి మన బి కణాల పనిని అణిచేస్తుంది. అదే కారణంగా రెంటికీ ఒకే సిరంజి వాడరు, ఒకే చోట వేయరు. మొదటి టీకా పడి ఏడు రోజులు దాటితే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వరు, అప్పటికి సొంత సరుకు మొదలై ఉంటుంది. పిరుదు మీద టీకా అస్సలు వద్దు. కొవ్వులో పడితే సరిగా పట్టదు.

ఇక ఆ పద్నాలుగు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పద్ధతిలో మన దేశంలో తయారైన టీకా గొర్రె మెదడు ద్రావణం, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపినది. అందులో వైరస్ తక్కువ, మెదడు ఎక్కువ. చాలినంత మేలుకొలుపు రావాలంటే పెద్ద మోతాదులో రోజూ ఎక్కించాలి. అంత ద్రవం పట్టే చోటు పొట్ట చర్మమే. బలం చాలకపోవడం ఒక లోపం. అంతకన్నా పెద్దది, కొందరికి ఆ టీకాతోనే కాళ్లు చచ్చుబడేవి. గొర్రె నరాల మీది మైలిన్ అనే పొర మన మైలిన్‌ను పోలి ఉంటుంది, దాన్ని చూసి లేచిన టి కణాలు సొంత నరాల మీదే పడేవి. 1933లో రివర్స్ కోతులకు వైరస్ లేని మెదడు ముక్కలే పదేపదే ఎక్కించి అదే జబ్బు తెప్పించాడు. 1960లో పాటర్సన్ జబ్బుపడ్డ ఎలుకల లింఫు గ్రంథి కణాలతో ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు జబ్బు అంటించాడు. ఇంత తెలిసినా మన దేశంలో ఆ టీకా తయారీ ఆగింది 2004 ఆఖర్లో. అంత ఆలస్యాన్ని సమర్థించే కారణం నాకు కనపడదు.

దాని స్థానంలో వచ్చిన కణవర్ధన టీకాలు (ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారయ్యేవి) శుద్ధమైనవి, ఖరీదైనవి. 2006లో చర్మంలోకి వేసే పద్ధతికి అనుమతి రావడంతో ఒక్క సీసా పలువురికి సరిపోతోంది. కలిపిన మందు ఆరేడు గంటల్లో అయిపోవాలి కాబట్టి జనం వచ్చే పెద్దాసుపత్రికి అది పొదుపు, రోజుకొక్కరు వచ్చే క్లినిక్కుకు వృథా. ఇద్దరి చీటీలు వేరుగా ఉండటానికి కారణం అదే. రక్షణలో తేడా లేదు, ఒక్క మినహాయింపుతో: స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు కండలోకి అయిదు సూదులే మేలు.

వీటన్నిటికంటే ముందు పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాల కడుగుడు. మన వైపు ఇంకా కుక్కకాటుకు కారం అద్దేవాళ్లున్నారు. కారం, సున్నం, పసుపు ఏదైనా గాయాన్ని రేపి వైరస్‌ను నరాల దాకా నెట్టే ప్రమాదమే తప్ప దాన్ని చంపదు.

మళ్లీ కరిస్తే 0, 3 రోజుల్లో రెండు సూదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. జ్ఞాపక బి, టి కణాలు రోజుల్లోనే లేస్తాయి. పాత చీటీ చూపించలేకపోతే మాత్రం మొదటి కాటు కిందే లెక్కగట్టి అన్నీ మొదటి నుంచి వేస్తారు.