పేగుల లయకు మూలమైన కణాలు

మన జీర్ణాశయంలో నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో సుమారు 12 సార్లు, చిన్నపేగు చివరి భాగంలో 8 సార్లకు అటూ ఇటుగా విద్యుత్ తరంగాలు లేస్తూ ఉంటాయి. కడుపు నిండి ఉన్నా ఖాళీగా ఉన్నా, మనం మేలుకొని ఉన్నా నిద్రలో ఉన్నా ఈ లయ సాగుతూనే ఉంటుంది. గుండెకు సొంత పేస్‌మేకర్ ఉందని చాలామందికి తెలుసు. జీర్ణవ్యవస్థ కండరాల్లోనూ అదే పని చేసే కణాలు ఉన్నాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. వీటిని కహాల్ అంతరాళ కణాలు అంటారు.

పేగు గోడలో కండరం రెండు పొరలుగా ఉంటుంది: లోపలిది పేగును చుట్టి ఉంటుంది, వెలుపలిది పేగు పొడవునా సాగుతుంది. ఈ రెండింటి నడుమ ఉండే నాడీవలను ఆనుకొని, సన్నని పొడవాటి శాఖలతో ఒకదానినొకటి అందుకుంటూ, ఈ కణాలు మరో వలగా అల్లుకొని ఉంటాయి. కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం కొద్దికొద్దిగా విడుదలైనప్పుడు, కణపొరలో ఉన్న ఆనో1 అనే మార్గం తెరుచుకొని క్లోరైడ్ అయాన్లు బయటికి పోతాయి. దానితో కణంలోని విద్యుత్ స్థితి మారి, ఆ మార్పు పొరుగు కణాలకూ, వాటిని అంటిపెట్టుకొని ఉన్న కండర కణాలకూ పాకుతుంది. నునుపు కండరం ఈ తరంగాన్ని అందుకోగలదే గాని, దానిని తనంత తానుగా పుట్టించి, బలం తగ్గకుండా దూరం పంపలేదు.

అయితే తరంగం వచ్చిన ప్రతిసారీ కండరం గట్టిగా ముడుచుకోదు. నాడులు ఎసిటైల్‌కోలిన్‌ను విడుదల చేస్తే అదే తరంగం బలమైన సంకోచంగా మారుతుంది, నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తే కండరం సడలుతుంది. అంటే కండరం ఎప్పుడు ముడుచుకోవచ్చో ఈ కణాలు నిర్ణయిస్తే, ముడుచుకోవాలా వద్దా, ఎంత బలంగా అన్నది ప్రధానంగా నాడులూ హార్మోన్లూ నిర్ణయిస్తాయి. జీర్ణాశయంలో ఈ పొత్తు స్పష్టంగా కనిపిస్తుంది. పై భాగంలో ఈ తరంగాలు ఉండవు. అది సాగి, తిన్నదానికి చోటు ఇస్తుంది. నడిమి భాగంలో పెద్ద వంపు వైపు పుట్టిన తరంగం కింది ద్వారం దాకా ప్రయాణిస్తుంది. దాని వెంట వచ్చే సంకోచం ఆహారాన్ని దాదాపు మూసుకొని ఉన్న ఆ ద్వారం మీదికి నెట్టినప్పుడు, మెత్తబడినది కొంచెం పేగులోకి జారుతుంది, ముతకగా ఉన్నది వెనక్కి మళ్లి మళ్లీ నలుగుతుంది.

స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రామోన్ ఇ కహాల్ 19వ శతాబ్దం చివర ఈ కణాలను రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూశారు. నాడుల కొసల దగ్గర కనిపించినందువల్ల ఇవి ఆదిమ స్థాయి నాడీకణాలని ఆయన భావించారు. ఆ తరువాత కొందరు వీటిని నాడీకణాలన్నారు, మరికొందరు కండరమన్నారు, ఇంకొందరు కేవలం బంధన కణజాలమన్నారు. ఎవరి మాటా తేలకుండానే దశాబ్దాలు గడిచాయి. 1982లో డెన్మార్క్ పరిశోధకుడు లార్స్ తూనెబెర్గ్ ఇవే పేగుల పేస్‌మేకర్లని ప్రతిపాదించినా, ఈ కణాలను మాత్రమే తొలగించి చూసే ఉపాయం అప్పటికి లేదు.

ఆ ఉపాయం అనుకోని దారిలో వచ్చింది. రక్తకణాల, వర్ణకణాల ఎదుగుదలకు కిట్ అనే ప్రోటీను అవసరమని అప్పటికే తెలుసు. 1992లో జపాన్ పరిశోధకులు దానిని అడ్డుకునే యాంటీబాడీని ఎలుక పిల్లలకు ఇచ్చినప్పుడు వాటి పేగుల లయ దెబ్బతిన్నది. 1995 నాటికి చిత్రం పూర్తయింది: కిట్ జన్యువులో లోపం ఉన్న ఎలుకల్లో చిన్నపేగు నాడీవల చుట్టూ ఉండవలసిన కహాల్ కణాలు లేవు, విద్యుత్ తరంగాలూ లేవు, నాడులూ కండరమూ మాత్రం ఉన్నాయి. ఒక శతాబ్దపు వాదాన్ని ఇంత సూటిగా తేల్చిన ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

మనుషుల్లో ఈ కణాలు తగ్గితే ఏమవుతుందో షుగర్ వ్యాధి చూపిస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పిన కొందరిలో ఆహారం జీర్ణాశయంలోనే నిలిచిపోయి, రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండడం, వికారం, వాంతులు కనిపిస్తాయి. వైద్యులు దీనిని గాస్ట్రోపరేసిస్ అంటారు. ఇలాంటి రోగుల జీర్ణాశయపు గోడను పరీక్షించినప్పుడు చాలామందిలో కహాల్ కణాలు తగ్గిపోయి కనిపించాయి. తిన్నది ఎప్పుడు పేగులోకి దిగుతుందో తెలియకపోవడం వల్ల ఇన్సులిన్ వేళను కుదుర్చుకోవడమూ వీరికి కష్టమవుతుంది.

దీనికి విరుద్ధంగా ఈ కణాలో, వీటి పూర్వకణాలో అదుపు లేకుండా పెరిగితే గిస్ట్ అనే కణితి ఏర్పడుతుంది. ఇలాంటి కణితుల్లో ఎక్కువ భాగం కిట్ జన్యువులోని మార్పు వల్లే పుడుతున్నాయని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అప్పటిదాకా ఈ కణితి ముదిరితే సాధారణ కీమోథెరపీ దాదాపు పనిచేసేది కాదు. రక్త క్యాన్సర్ కోసం తయారైన ఇమాటినిబ్ అనే మాత్ర కిట్‌ను కూడా అడ్డుకుంటుందని తేలడంతో, 2000లో ఫిన్లాండ్‌లో ఒక రోగికి ఇచ్చి చూశారు; కణితులు బాగా కుంచించుకుపోయాయి. 2002లో అమెరికా ఆ మందును గిస్ట్‌కు అనుమతించింది. కణితిని గుర్తించడానికి పాథాలజిస్టులు కిట్‌తో పాటు డాగ్1 అనే ప్రోటీనునూ వెతుకుతారు. అది మరేదో కాదు, కహాల్ కణాల్లో తరంగాన్ని మొదలుపెట్టే ఆనో1 మార్గమే. కిట్ కనిపించని గిస్ట్ కణితుల్లో కొన్నింటిని ఇప్పుడు దాని సాయంతోనే పట్టుకోగలుగుతున్నారు.