పాత మీడియం ట్రక్కులకి చక్రాలు మార్చే గొడవ ఎక్కడ మొదలైంది

అమెరికాలో 60లు, 70ల నాటి మీడియం ట్రక్కులు, అంటే ఫోర్డ్ ఎఫ్-600, షెవీ సీ60, ఇంటర్నేషనల్ లోడ్‌స్టార్ లాంటివి, ఇప్పటికీ పొలాల్లో ధాన్యం మోస్తూ కనబడతాయి, రిటైరైన ఫైరింజన్లు కొనుక్కుని క్యాంపర్లు చేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇంజను బానే ఉంటుంది, గేర్‌బాక్సూ బానే ఉంటుంది, చిక్కంతా టైర్ల షాపుకి వెళ్ళాకే. చక్రం చూడగానే "ఇది స్ప్లిట్ రిమ్ము (అంటే ముక్కల రిమ్ము), మేం ముట్టుకోం" అని పంపించేసే షాపులు బోలెడు.

మన లారీలు చూసినవాళ్ళకి ఆ చక్రం కొత్తేం కాదు. 8.25-20 లేదా 9.00-20 టైరు, లోపల ట్యూబు, ట్యూబుకీ రిమ్ముకీ మధ్య ఫ్లాపు అనే రబ్బరు పట్టీ, ఒక పక్క రింగు. బిరుసుగా ఉండే లారీ టైరుని ఒంటి ముక్క రిమ్ము మీదకి ఎక్కించడం నరకం కాబట్టి రిమ్మునే ముక్కలుగా చేశారు, టైరు తొడిగి రింగు కూర్చోబెట్టి గాలి కొడితే ఆ ఒత్తిడికే అన్నీ బిగుసుకుంటాయి. కానీ రింగు వంగినా, తుప్పు పట్టినా, ఇంకో రకం రిమ్ము రింగు తెచ్చి వేసినా అదే గాలి దాన్ని ఎగరగొడుతుంది, ఎదురుగా మనిషి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

వీటిల్లో అన్నిటికన్నా చెడ్డపేరు ఫైర్‌స్టోన్ ఆర్‌హెచ్5 రిమ్ముది. ఇందులో విడిగా రింగు ఉండదు, రిమ్మే రెండు ముక్కలు, అవి టైరు లోపల మధ్యలో కలుస్తాయి, దాంతో అతుకు సరిగ్గా పడిందో లేదో టైరు ఎక్కించాక బయటికి కనబడనే కనబడదు. మెకానిక్కులు విడోమేకర్, అంటే పెళ్ళాన్ని విధవని చేసేది, అని తిట్టేది ప్రధానంగా దీన్నే.

ప్రమాదాలు పెరిగాక 1980లో ఓషా, అంటే అక్కడి కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ముక్కల రిమ్ములకి రూల్ తెచ్చింది: టైరుని ఇనప బోనులో పెట్టే గాలి కొట్టాలి, గొట్టం పొడుగ్గా ఉండాలి, మనిషి పక్కకి నిలబడాలి, గాలి ఉండగా సుత్తితో కొట్టకూడదు, పగిలిన రిమ్ముకి వెల్డింగ్ వేయకూడదు. 1984లో ఒంటి ముక్క రిమ్ములనీ ఇందులోకి తెచ్చారు. గమనించాల్సింది ఏంటంటే ఈ రూల్ ఆ రిమ్ముల్ని బ్యాన్ చేయలేదు, ఎలా పని చేయాలో చెప్పిందంతే. కానీ భయం మాత్రం అన్నిటికీ కలిపి అంటుకుంది, శుభ్రంగా ఉన్న రింగు రిమ్ముని కూడా ఆర్‌హెచ్5తో ఒకే గాటన కట్టేశారు. నా లెక్కలో ఈ చక్రాలు మార్చాల్సి రావడానికి సగం కారణం ఆ భయమే.

మార్చడానికి దారి అప్పటికే ఉంది. ట్యూబ్‌లెస్ లారీ టైర్లు 50ల్లోనే వచ్చాయి. వాటి రిమ్ము ఒంటి ముక్క, టైరు అంచు కూర్చునే చోట 15 డిగ్రీల వాలు, సైజు 22.5 అంగుళాలు. రిమ్ము పెద్దది కదా బండి ఎత్తవుతుందేమో అనుకుంటారు, అవదు, టైరు పక్కగోడ తగ్గుతుంది కాబట్టి 8.25-20 బదులు 9ఆర్22.5, 9.00-20 బదులు 10ఆర్22.5 వేస్తే మొత్తం ఎత్తు దాదాపు అంతే. కొందరు కొత్త ట్రక్కుల 19.5 చక్రాల మీద మోజు పడతారు గానీ 225/70ఆర్19.5 ఎత్తు 32 అంగుళాలే, పాతది 40 దాకా ఉంటుంది, చక్రం చిన్నదైతే అదే స్పీడుకి ఇంజను ఇంకా ఎక్కువ తిరగాలి, అసలే నెమ్మదిగా పోయే బండి హైవే మీద ఇంకా ఏడుస్తుంది.

అసలు తలనొప్పి బోల్టు రంధ్రాల దగ్గర. ఈ ట్రక్కుల్లో చాలావాటికి ఆరు స్టడ్లు (చక్రాన్ని బిగించే బోల్టులు), అవి నిలిచే వృత్తం వ్యాసం 8.75 అంగుళాలు, దానికి సరిపోయే 22.5 చక్రాలు వెతుక్కోవాలి. పది స్టడ్లుంటే ఇంకో మోసం ఉంది, పాత బడ్ రకానికీ కొత్త హబ్ పైలట్ రకానికీ వృత్తం ఒకటే, 285.75 మిల్లీమీటర్లు, చక్రం చక్కగా ఎక్కేస్తుంది. కానీ బడ్ చక్రాన్ని మధ్యలో నిలబెట్టేది గుండ్రటి సీటున్న నట్లు, కొత్తదాన్ని నిలబెట్టేది హబ్బు, అంటే చక్రం మధ్యలో ఉండే దిమ్మ. ఒకదాని చక్రం ఇంకోదానికి బిగిస్తే నట్లు వదులవుతాయి, స్టడ్లు తెగుతాయి. పైగా బడ్ రకంలో ఎడమవైపు నట్లకి ఎడమ మరలు, తెలీక ఊడదీయబోయి ఇంకా బిగించి స్టడ్డు విరగ్గొట్టుకోవడం మామూలే.

వీళ్ళందరికన్నా సుఖపడేది డేటన్ చక్రాల వాళ్ళు. హబ్బు, ఆకులు కలిపి ఒకే పోత, రిమ్ముని క్లాంపులతో బిగిస్తారు కాబట్టి పాత రిమ్ము తీసి 22.5 ట్యూబ్‌లెస్ రిమ్ము పెడితే చాలు. వెనక జంట చక్రాల మధ్య స్పేసర్ కొత్త రిమ్ముకి సరిపోయేది వేసుకోవాలి, బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ వంకర చూసుకుని నట్లు కొంచెం కొంచెంగా సర్దాలి, లేకపోతే బండంతా ఊగుతుంది.