మొహం చూసి చెప్పేయమ్మా! పనిచోటు సైకాలజీ మీద అపోహలు, వాస్తవాలు

పాలకొల్లు దగ్గర ఒక పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న బాబాయ్ గారు ఏం చదివావమ్మా అని అడిగారు. సైకాలజీ అన్నాను. ఇంకా వాక్యం పూర్తి కాలేదు, "అయితే నా మొహం చూసి చెప్పు, ఇప్పుడు నేనేమనుకుంటున్నానో" అన్నారు. "పనసపొట్టు కూర రెండోసారి రాలేదనుకుంటున్నారు" అన్నాను. ఖర్మ, అది నిజమైపోయింది. ఇక ఆ పూట నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

నేను ఎంఏలో చదివింది పని, సంస్థల మనస్తత్వశాస్త్రం. యూరప్‌లో వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ అంటారు, అమెరికాలో ఇండస్ట్రియల్-ఆర్గనైజేషనల్, బ్రిటన్‌లో ఆక్యుపేషనల్. పేరు ఏదైనా సరుకు ఒకటే. మనిషి మనసు కంటే ముందు మనిషి చేసే పనిని చదవాలి. ఈ మాట అర్థం కాకపోవడం వల్లే కింది అపోహలన్నీ.

అపోహ: మనసులో మాట పట్టేస్తారు.

పట్టలేం. తర్వాతిది చూద్దాం.

అపోహ: ఇది హెచ్‌ఆర్ ఎంబీఏకే ఇంకో పేరు.

చుట్టరికం ఉంది, కాదనను. మా బ్యాచ్‌లో సగం మంది ఇప్పుడు హెచ్‌ఆర్‌లోనే ఉన్నారు. అయితే అడిగే ప్రశ్న వేరు. భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో పీలింగ్‌కి వచ్చే ఆడవాళ్లు పది పదిహేను రోజులకే మానేస్తున్నారు. వాళ్ల హెచ్‌ఆర్ ఆయన కిలో రేటు పెంచుదామా, వ్యాను ఇంకో ఊరికి పంపుదామా అని ఆలోచిస్తున్నారు. రెండూ సబబైన ఆలోచనలే. నేను మూడు రోజులు బల్ల దగ్గర నిలబడ్డాను. కాళ్లకి గమ్‌బూట్లు, తలకి టోపీ, గ్లవ్స్ లోపల వేళ్లు ఐసుకి మొద్దుబారిపోయి ఉంటాయి. ఇంత చలిలో ఎవరుంటారు, అదే కారణం అనుకున్నాను. కాదు. గొడవంతా కాటా దగ్గర.

టబ్బు నిండాక కాటా దగ్గర వరసలో నిలబడాలి. కిలో లెక్క కూలీ కాబట్టి నిలబడ్డంతసేపూ చెయ్యి ఆగినట్టే, ఆ టైముకి డబ్బుల్లేవు. పైగా వరసలో ఉన్నంతసేపూ టబ్బులోంచి నీళ్లు కారిపోతాయి, తూకం తగ్గుతుంది. ముందు నిలబడినామెకి నీళ్లతో కలిపి తూకం, వెనకున్నామెకి వట్టి రొయ్య తూకం. "రేటు సంగతి తర్వాతండీ, ముందు కాటా సంగతి చూడండి" అంది ఒకామె. మా పుస్తకాల్లో దీన్ని పద్ధతిలో న్యాయం అంటారు. ఎంత ఇచ్చారన్న దానితో పాటు ఎలా లెక్కగట్టారన్నదీ మనిషిని నిలబెడుతుంది, లేదా వెళ్లగొడుతుంది. ఇంకో కాటా పెట్టించాం, టబ్బులన్నీ ఒకే సమయం ఓడ్చాకే తూచేలా ఏర్పాటు చేయించాం. మానేసేవాళ్లు తగ్గారు. అదే నెలలో పక్క ప్లాంటు మూతబడింది కూడా, కాబట్టి అంతా మా ఘనతే అని రాసుకోలేను. ఈ చివరి వాక్యం రాయడం నేర్పేదే ఎంఏ.

అపోహ: లెక్కలుండవు, హాయిగా థియరీ చదువుకోవచ్చు.

బైపీసీలో చేరి లెక్కల్ని తప్పించుకున్న పిల్లలు ఈ మాట నమ్మి వస్తారు. రెండో నెలకి రిగ్రెషన్, మూడో నెలకి ఫ్యాక్టర్ ఎనాలిసిస్ అనే గణాంక పద్ధతులు వచ్చి పలకరిస్తాయి. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోక తప్పదు. భయపడాల్సినంత లేదు గానీ, లేదనుకుని రాకండి.

నిజానికి అంకెల కంటే అంకె పుట్టే చోటే కష్టం. నా డిసర్టేషన్‌కి, అంటే చదువు చివర్లో రాసే పరిశోధన వ్యాసానికి, ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేసుకుని వెళ్లాను. "మీ ఉద్యోగం పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా? ఒకటి నుంచి ఐదు వరకు చెప్పండి." మొదటామె నా వంక చూసి, "మాకు ఉద్యోగమెక్కడిదండీ, పనికెళ్తాం" అంది. కోనసీమ నుంచి వచ్చిన రెండో ఆమె అన్ని ప్రశ్నలకీ "ఆయ్" అంది. జీతం బాగుందా? ఆయ్. మేస్త్రి బాగా చూసుకుంటారా? ఆయ్. మానేద్దామనుకుంటున్నారా? దానికీ ఆయ్! మన వైపు ఆయ్ అంటే మర్యాద. ఒప్పుకున్నట్టు కాదు, విన్నానని. పైగా మేస్త్రి మూడు గజాల దూరంలోనే నిలబడి ఉన్నాడు. నూట పాతిక ఫారాలు నింపుకొచ్చి కంప్యూటర్లో ఎక్కిస్తే ఎక్కడ చూసినా ఐదులే. మా గైడ్ గారు చూసి, "ఇది డేటా కాదమ్మా, దీవెన" అన్నారు.

మళ్లీ వెళ్లాను. ఈసారి వాళ్ల వీధి అరుగుల మీద, సాయంత్రం పూట. "ఉద్యోగం" తీసేసి "పని" పెట్టాను. ఒకటి నుంచి ఐదు బదులు ఐదు బిందెల బొమ్మలు గీశాను. ఖాళీ, పావు, సగం, ముప్పావు, నిండు. కొన్ని ప్రశ్నల్ని తిరగేసి, బాగుందా అన్నదాన్ని బాగోలేదా అని అడిగాను. అప్పుడొచ్చాయి అసలు జవాబులు. ఒక కొలత నమ్మదగిందా, అది కొలవాల్సిందే కొలుస్తోందా అన్న రెండు ప్రశ్నల మీద రెండేళ్ల చదువులో సగం గడుస్తుంది. బిందెలు గీసేదాకా అది నాకు తలకెక్కలేదు.

అపోహ: మనిషి నడిచొచ్చే తీరులోనే తెలిసిపోద్ది.

ఇది యజమానుల అపోహ. తాడేపల్లిగూడెం వైపు ఒక మిల్లు యజమాని ముప్పై ఏళ్లుగా ఇలాగే గుమాస్తాల్ని తీసుకుంటున్నానని నాతో అన్నారు. తీసుకోకుండా పంపేసినవాళ్లు తర్వాత ఎలా రాణించారో ఆయనకి తెలిసే వీలు లేదు కదా! తీసుకున్నవాళ్లలో మంచివాళ్లు గుర్తుంటారు, మిగతావాళ్లది "వాడి బుద్ధి".

దీని మీద లెక్కలున్నాయి. పాల్ శాకెట్ అనే అమెరికా సైకాలజిస్టు బృందం 2022లో పాత పరిశోధనలన్నీ తిరిగి లెక్కగట్టింది. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలబద్దతో మార్కులేసే ఇంటర్వ్యూకీ, తర్వాతి పనితీరుకీ మధ్య సహసంబంధం (ఏమీ లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) సుమారు 0.42. నోటికొచ్చినవి అడిగే ఇంటర్వ్యూకి 0.19. అంతకు ముందు 1998లో ష్మిట్, హంటర్ వేసిన లెక్కలో ఈ అంకెలు ఇంకా ఎక్కువగా ఉండేవి, తర్వాత తగ్గాయి. చేతిరాత చూసి గుణం చెప్పే విద్య అప్పట్లోనే సున్నాకి దగ్గర్లో ఉంది. 0.42 అన్నా గొప్పేం కాదు. వర్గం చేస్తే 0.18 లోపే, అంటే పనితీరులో తేడాల్లో నూటికి 18 వంతులు కూడా అది చెప్పలేదు. మిగతాది పని ఏర్పాటు, మేస్త్రి, యంత్రం, ఇంటి సంగతులు, ఇంకా మనకి తెలియనివి. అందుకే ఎవరైనా ఒక్క పరీక్షతో మనిషిని పదహారు రకాల్లో ఒక రకంగా తేల్చేస్తామంటే జేబు గట్టిగా పట్టుకోండి. ఎంబీటీఐ అనే ఆ పదహారు రకాల పరీక్షని తయారుచేసిన కాథరిన్ బ్రిగ్స్, ఇసాబెల్ మైయర్స్ తల్లీకూతుళ్లు, సైకాలజీ చదివినవాళ్లు కారు. అదొక్కటే తప్పు అనను. ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామంది రకం మారిపోతుంది, అసలు తప్పు అది.

అపోహ: పక్కనే నిలబడి చూస్తుంటే ఎక్కువ పని చేస్తారు.

ఇది ఎక్కడ పుట్టిందో చెప్తాను. 1924లో షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథోర్న్ కర్మాగారంలో దీపాల వెలుతురు మార్చి పని ఎంత జరుగుతోందో కొలవడం మొదలుపెట్టారు. వెలుగు పెంచినా, తగ్గించినా పని పెరిగిందని, కారణం గమనిస్తున్నారన్న స్పృహేనని కథ స్థిరపడిపోయింది. లెవిట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 2011లో పాత డేటా వెతికి పట్టుకుని చూస్తే ఆ గొప్ప ప్రభావం కనిపించలేదు. దీపాలు ఆదివారాలు మార్చేవారు. సోమవారం ఎలాగూ పని ఎక్కువే జరిగేది! కాబట్టి మేస్త్రిని బల్లకి అంటిపెట్టుకుని నిలబెట్టేవాళ్లు హాథోర్న్ పేరు చెప్పకండి.

అపోహ: అంతా అమెరికా సరుకు, మన డెల్టాకి నప్పదు.

దీని మీద నాకు కాస్త ఆవేశం ఉంది, ఓర్చుకోండి. ప్రేరణ మీద ప్రపంచమంతా చదివే ప్రయోగాల్లో ఒకటి జరిగింది మన కాకినాడ వ్యాపారుల మీద. 1964లో హార్వర్డ్‌కి చెందిన సైకాలజిస్టు డేవిడ్ మెక్‌క్లెలాండ్, కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకి రప్పించి శిక్షణ ఇప్పించాడు. దాన్ని అప్పట్లో సియెట్ అనేవారు, ఇప్పుడు యూసుఫ్‌గూడలోని ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ. పోల్చి చూడ్డానికి, శిక్షణ ఇవ్వని ఊరిగా పెట్టుకున్నది రాజమండ్రిని. శిక్షణ పొందినవాళ్లు తర్వాతి రోజుల్లో కొత్త వ్యాపారాలు పెట్టడంలో, పెట్టుబడిలో, మనుషుల్ని పెట్టుకోవడంలో ముందున్నారు. పంచె, బొట్టు, పాత ఆచారాలు వ్యాపార దీక్షకి అడ్డు రాలేదన్నది కూడా అందులో తేలింది. ఈ సంగతి నేను ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో చదివాను. కాకినాడలో పెరిగిన నా స్నేహితురాలికి తెలియదు.

ఇంకోటి. 1953లో లండన్‌లోని టావిస్టాక్ అనే పరిశోధన సంస్థ నుంచి ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లుకి వచ్చాడు. కొత్త ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా గుడ్డ పెరగడం లేదు. ఒకడు దారం ముడే వేస్తాడు, ఒకడు నూనే పోస్తాడు, ఎవరి మగ్గం ఏదో ఎవరికీ తెలియదు. కొన్ని మగ్గాల్ని ఒక చిన్న జట్టుకి అప్పజెప్పి, పని మీరే పంచుకోండి అన్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది. 1970లో అదే సంస్థకి చెందిన ఎరిక్ మిల్లర్ వెళ్లి చూస్తే ఒక చోట ఆ పద్ధతి నిలిచింది, మిగతా చోట్ల చెదిరిపోయింది. పరీక్షలో మొదటి సగమే రాస్తారు మా పిల్లలు. నేను రెండో సగానికే మార్కులేస్తాను.

ఇది క్లాసులో విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మండపేట మిల్లుల దగ్గర ముఠా. లారీకి బస్తాలెత్తే ముఠాకి బస్తాకి ఇంతని లెక్క. ఎవరు మోయాలి, ఎవరు నెట్టు కట్టాలి, ఎవరికి నడుం పట్టేసింది కాబట్టి ఈ పూట కొక్కెం పట్టుకుని కూర్చోవాలి, అంతా వాళ్లే తేల్చుకుంటారు. సాయంత్రం వాటాలూ వాళ్లే వేసుకుంటారు. జట్టుగా పని నడవడం గురించి పెద్ద పెద్ద పేర్లతో చదివినదంతా అక్కడ మిల్లు అరుగు మీద ఉంది. ముఠా అంతా మంచేననీ అనను. కొత్తవాడికి చోటు దొరకడం కష్టం, ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అపోహ: ఎంఏ పాసైతే సైకాలజిస్టు బోర్డు పెట్టి కౌన్సెలింగ్ చేయొచ్చు.

వద్దు. జబ్బుకి వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే వేరే చదువుండాలి, 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. మా పని అది కాదు. ప్లాంటులో ఎవరైనా బాగా కుంగిపోయి కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 చేతికిచ్చి, డాక్టరు దగ్గరికి పంపడం వరకే నా హద్దు.

అపోహ: డిగ్రీలో సైకాలజీ లేకపోతే అవకాశం లేదు.

చోటుని బట్టి. ఇగ్నో అనే దూరవిద్య విశ్వవిద్యాలయంలో ఏ డిగ్రీ ఉన్నా ఎంఏ సైకాలజీలో చేరగలిగేవారు, రెండో ఏడాది ఇండస్ట్రియల్ విభాగం ఎంచుకునేవారు; 2025లో సైకాలజీని దూరవిద్యలో చెప్పడం యూజీసీ ఆపించింది. యూరప్‌లో మాస్టర్స్ అయితే మామూలుగా సైకాలజీలోనే డిగ్రీ అడుగుతారు. అక్కడ రెండేళ్లకి 120 క్రెడిట్లు, ఇంటర్న్‌షిప్, థీసిస్ కలిపి.

అపోహ: మన దగ్గర దీనికి ఉద్యోగాల్లేవు.

సగం నిజం. డెల్టాలో ఈ పేరుతో ఉద్యోగ ప్రకటన నేనింతవరకు చూడలేదు. హెచ్‌ఆర్, శిక్షణ, భద్రత, నియామకాలు అన్న పేర్లతో దొరుకుతుంది. మొదటి జీతం హైదరాబాద్‌లోనో విశాఖలోనో వస్తుంది, భీమవరంలో కాదు. ఇక్కడి మిల్లుల పని నాకు మూడేళ్ల తర్వాత, ఒకరు చెప్తే ఒకరుగా వచ్చింది. ఇప్పటికీ కొన్నిచోట్ల ఫీజు బదులు బియ్యం బస్తా ఇస్తామంటారు. ఒకసారి తీసుకున్నాను కూడా, మంచి పాత స్వర్ణ.

చేరబోయే పిల్లలు నాకు ఫోన్ చేసినప్పుడల్లా కాలేజీ వాళ్లని రెండు మాటలు అడగమంటాను. డిసర్టేషన్‌కి గైడ్ దగ్గర ఒక్కసారికి ఎంతమంది ఉంటారు? ఇంటర్న్‌షిప్ నిజంగా పని జరిగే చోట ఉంటుందా? "ఏదో ఒక కంపెనీ సర్టిఫికెట్ తెచ్చుకోండి చాలు" అని జవాబొస్తే ఫీజు కట్టకండి.