బండి పెయింటర్ గీసిన పువ్వులు: నార్వేజియన్ అమెరికన్ల జానపద కళ వెనక కథ

నార్వే, ఫిన్లాండ్ లాంటి నార్డిక్ (ఉత్తర యూరప్) దేశాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డవాళ్ల పాటలను, చేతిపనులను రికార్డు చేసే పని అక్కడ ఇంకా సాగుతూనే ఉంది. ఎప్పుడో పూర్తి కావలసిన ఈ పని ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే పాత సంగతులు కొన్ని చెప్పుకోవాలి.

1825 జులైలో నార్వేలోని స్టావాంగర్ రేవు నుంచి 'రెస్టొరేషన్' అనే చిన్న ఓడ 52 మందితో బయల్దేరింది. తర్వాతి వందేళ్లలో 8 లక్షలకు పైగా నార్వేవాళ్లు అమెరికా చేరారు. విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా పల్లెల్లో చాలామంది కుదురుకున్నారు. వాళ్లు సామాను సర్దుకొచ్చిన చెక్కపెట్టెల మీద తీగలు, పువ్వులు గీసి ఉండేవి. ఆ చిత్రకళ పేరు రోజ్‌మాలింగ్.

హార్డాంగర్ ఫిడేలు కూడా వాళ్లతోనే వచ్చింది. దానికి వాయించే నాలుగు తీగల కింద మరో నాలుగైదు ఉంటాయి. పైవి మోగితే కిందివి వాటంతటవే పలుకుతాయి, మన సితార్‌లో తరఫ్ తీగల్లాగే. పెళ్లిళ్లలో, డాన్సుల్లో మోగే ఈ ఫిడేలును భక్తి ముదిరిన కొందరు లూథరన్ క్రైస్తవులు దయ్యం వాయిద్యమన్నారు. నార్వేలో కొన్నిటిని తగలబెట్టారు కూడా. ఆ ఈసడింపు కూడా ఓడెక్కి వచ్చింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. బడిలో, చర్చిలో, రైల్లో, చివరికి ఫోన్లో కూడా ఇంగ్లిష్ తప్ప మరో భాష వినిపించకూడదని 1918 మేలో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ ప్రకటించాడు. కోపం జర్మన్ల మీద, దెబ్బ మాత్రం అందరికీ తగిలింది. నలుగురిలో మాట్లాడటానికే భయపడే భాషలో పాట ఎవరు పాడతారు?

పండితుల చిన్నచూపు దీనికి తోడైంది. అమెరికా జానపదం అంటే ఇంగ్లిష్ పాటలే అన్నట్టుండేది చాలామంది ధోరణి. అలా అనుకోని వాళ్లూ కొందరున్నారు. 1938లో జానపద పాటల సేకర్త ఆలన్ లోమాక్స్ మిషిగన్‌లో ఫిన్నిష్ పాటలు రికార్డు చేశాడు. 1940ల్లో హెలీన్ స్ట్రాట్‌మన్-థామస్ విస్కాన్సిన్ ఊళ్లు తిరిగి నార్వేజియన్ సహా చాలా భాషల పాటలు డిస్కులకెక్కించింది. వీళ్లు లేకపోతే ఆ తరం గొంతులు చాలావరకు మనకు దక్కేవి కావు.

చిత్రకళ మాత్రం వేరే దారిలో బతికింది. 1907లో విస్కాన్సిన్‌లోని స్టౌటన్‌కు వచ్చిన పెర్ లిస్నె బండ్ల ఫ్యాక్టరీలో పెయింటర్. ఆర్థిక మాంద్యంలో పని తగ్గడంతో, నార్వేలో నేర్చిన పూల చిత్రాలను చెక్క పళ్లేల మీద వేసి అమ్మాడు. అవి అమెరికా ఇళ్ల గోడలెక్కాయి. అదే ఊళ్లో ఎథెల్ క్వాల్‌హైమ్ ఆయన పనిని చూసి కుంచె పట్టింది.

1967లో అయోవాలోని డెకోరాలో వెస్టర్‌హైమ్ మ్యూజియం రోజ్‌మాలింగ్ క్లాసులు పెట్టి, నేర్పడానికి నార్వే నుంచి చిత్రకారుణ్ణి పిలిపించింది. అప్పటికే అమెరికాలోని శైలి నార్వే పద్ధతి నుంచి కాస్త పక్కకు జరిగింది. లిస్నె పళ్లేలది నార్వే కళా, అమెరికా కళా? అమెరికాదేనంటాను నేను. 1989లో క్వాల్‌హైమ్‌కు జాతీయ వారసత్వ ఫెలోషిప్ ఇచ్చింది కూడా అమెరికా ప్రభుత్వ కళాసంస్థే.